గళ్ళలో అంకెలు

12 ఆగస్టు 2006, శనివారం

మళ్ళీ దొరకలేదు. ఇది నాలుగోసారి.

చీరాల పక్కన ఓడరేవు, సముద్రం ఒడ్డున సరుగుడు తోట. ఇసుక, ఉక్క, కాళ్ళ నిండా పల్లేరుకాయలు. చేతిలో జీపీఎస్ మిషన్ మాత్రం ‘చేరావు’ అంటోంది. ఎక్కడ చేరాను? చుట్టూ సరుగుడు చెట్లే, అన్నీ ఒకే పోలిక. తూనీగ అనే పేరు పెట్టుకుని ఆడే మనిషి అక్కడెక్కడో ఒక డబ్బా దాచాడు. దాచాడో, దాచిందో... ఆడో మగో కూడా తెలియదు నాకు.

సుజాతను చీరాలలో చీరల కొట్లో కూర్చోబెట్టి పోయాను. వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళికి చీరలు కొనాలని వచ్చాం. గంటలో వస్తానన్నాను. వచ్చేసరికి మూడు గంటలు పట్టింది. కొట్టాయన భోజనానికి పోతూ షట్టరు సగం దించాడట, తను చీరల సంచి ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

మా ఊరు పేటకు బండి మీద బయల్దేరాం. పర్చూరు దాటాక వెనకనుంచి— “అది దొరికితే లోపల ఏముంటుందండీ?”

చిన్న పుస్తకం ఉంటుంది, అందులో పేరు రాసి మళ్ళీ అక్కడే పెట్టేస్తాం అన్నాను.

“అంతేనా?”

“అంతే.”

పేట వచ్చేదాకా ఇంకేం అడగలేదు. తిట్టినా బాగుండేది.

13 ఆగస్టు

కాలి మడమలో ముల్లు. తీయలేదు. నొప్పి పుట్టినప్పుడల్లా ఆ తోట గుర్తొస్తోంది, ఏ చెట్టు చూడలేదో లెక్క వేస్తున్నాను.

20 ఆగస్టు, ఆదివారం

ఎట్లా పట్టుకుందో ఈ పిచ్చి, ఒకసారి రాసి పెట్టుకుంటే మంచిది.

కంపెనీ ఈ మిషన్ ఇచ్చింది పత్తి విత్తనం పండించే ప్లాట్లు గుర్తు పెట్టుకోవడానికి. పొలం మూల మీద నిలబడి ‘మార్క్’ నొక్కితే ఆ చోటు అంకెలుగా మారి లోపల దాక్కుంటుంది. ఆర్నెల్ల తర్వాత వచ్చినా అక్కడికే తీసుకుపోతుంది. ఫీల్డ్ సూపర్‌వైజరుకు ఇంతకన్నా ఏం కావాలి? నాకు అదీ చాల్లేదు. పేటలో నెట్ సెంటర్‌లో కూర్చుని ఈ మిషన్‌తో ఇంకేం చెయ్యొచ్చా అని వెతుకుతుంటే జియోక్యాషింగ్ కనిపించింది. ఒకడు ఒక డబ్బా దాచి దాని అంకెలు సైటులో పెడతాడు. ఇంకొకడు ఆ అంకెలు పట్టుకుని వెతుక్కుంటూ వస్తాడు. ప్రపంచమంతా ఆడుతున్నారు. మ్యాపులో అమెరికా కనపడకుండా చుక్కలు. మన వైపు చూస్తే ఒంగోలు నుంచి గుంటూరు దాకా తెల్లకాగితం.

ఆ తెల్లకాగితం చూసి ఊరుకోలేకపోయాను. ఇప్పటికి ఆరు డబ్బాలు దాచాను. ఆరూ తూనీగ ఒక్కరే కనిపెట్టారు. బదులుగా ఓడరేవులో ఆ మాయదారి డబ్బా పెట్టారు.

నా ఉద్యోగమంతా ‘చూద్దాం’ అనే ఒక్క మాట మీద నడుస్తుంది. మొలుస్తుందా సార్? చూద్దాం. కాయ నిలుస్తుందా? చూద్దాం. వాన? చూద్దాం. రైతు మొహంలోకి చూడలేక ఆకులు తిరగేస్తుంటాను. ఈ ఆటలో ఆ గొడవ లేదు. ఉన్నది ఉన్నచోటే ఉంటుంది. దొరకలేదంటే తప్పు నాదే, దైవానిది కాదు. అదే నాకు హాయి. ఈ ముక్క సుజాతకు చెప్పబోయాను. “ఇంట్లో ఉన్నవి కూడా ఉన్నచోటే ఉన్నాయండీ, ఎవరూ వెతకట్లేదంతే” అంది.

3 సెప్టెంబరు, ఆదివారం

ఏడోది పెట్టాను.

పాలెంలో కోటేశ్వరరావు గారి పొలం. మా కంపెనీ పత్తి వేసిన వాళ్ళలో మాట మీద నిలబడే మనిషి. రెండెకరాలు పత్తి, మూడెకరాలు మిరప. మిరప గట్టు చివర పాడుబడ్డ మోటబావి ఉంది. దాని రాతిగోడలో ఒక రాయి కదులుతుంది. నెల రోజులుగా దాని మీదే నా కన్ను.

బిస్కెట్ల రేకు డబ్బా. మూత వదులుగా ఉందని సుజాత కుట్టుపెట్టెలోంచి నల్లదారం తీసి ఏడు చుట్లు చుట్టాను. దారం అంతే ఉంది. లోపల అరచేతంత పుస్తకం, పెన్సిలు ముక్క, రెండు గోళీలు, ఒక పిన్నీసు. వచ్చినవాళ్ళు ఒక వస్తువు తీసుకుని ఇంకోటి పెట్టి పోవాలి, ఈ ఆటలో అది ఆచారం. పుస్తకంలో మొదటి పేజీకి స్కేలు పెట్టి గళ్ళు గీశాను. కంపెనీ ఫారాలు నింపీ నింపీ గళ్ళు లేకుండా ఏదీ రాయలేని జబ్బు పట్టుకుంది. పై గడిలో ‘కోటేశ్వరరావు బావి’ అని రాద్దామనుకుంటే ‘కోటేశ్వరరావు’ వరకే పట్టింది. దాని కింద గళ్ళలో చోటు అంకెలు. 16. 01.412. 80. 03.877. ఆ కింద ఖాళీ గళ్ళు, వచ్చేవాళ్ళకు.

స్థలం ఎవరిదో వాళ్ళను అడిగే పెట్టాలని సైటులో రాసి ఉంది. చదివాను. ఆయన ఇంట్లోనే, ఆయన భార్య ఇచ్చిన మజ్జిగ తాగుతూ, చెప్పకుండానే లేచి వచ్చాను. అడిగితే ఆయన నవ్వుతాడని సిగ్గు. ఒకరికి తెలిస్తే ఊరంతా వెళ్ళి చూసొస్తారు, ఇంక ఆటేముంది అని ఇంకో పక్క.

వస్తుంటే చావిట్లో సైదులు తాత దూది ఏకుతున్నాడు. ఈ ఊరాయనే, పరుపులు కుట్టే పని. ఊళ్ళోవాళ్ళందరికీ తాతే. పోయినేడు పేటకు వచ్చి మా డాబా మీద రెండు రోజులు దూది ఏకే విల్లు మోగించి మా పరుపు కూడా కుట్టాడు. “పరుపు ఎట్టుంది బాబూ, గడ్డ కట్టలేదు గదా?” అని కేకేశాడు. లేదు తాతా అన్నాను. ఎవరో తల్లి దడుచుకున్న పిల్లను ఎత్తుకొచ్చింది. విల్లు పక్కన పెట్టి, చిన్న కాగితం మీద గళ్ళు గీసి అంకెలు వేసి, మడిచి, రాగి తాయెత్తులో పెట్టి కట్టాడు. ఆ తల్లి డబ్బులకు కొంగు ముడి విప్పబోతే వద్దన్నాడు. దానికి ఏమీ తీసుకోడు.

17 సెప్టెంబరు, ఆదివారం

తూనీగ వచ్చారు! పాలెం డబ్బా దొరికిందని సైటులో రాశారు. “బావి చాలా బాగుంది. రాయి కదిలించగానే ఒళ్ళు పులకరించింది. గోళీ తీసుకుని ఒక బొమ్మ పెట్టాను. దాని గౌను చిరిగి ఉంటే మీ పిన్నీసే గుచ్చాను, ఏమీ అనుకోకండి.”

ఐదుసార్లు చదివాను. పెళ్ళినాటి ఫొటో చూసినా ఇంత సంతోషం లేదు, అదేం ఖర్మో. నేను దాచింది ఒకరు వెతుక్కుంటూ వచ్చారు. ఈ పొలాల్లోకి పనిలేకుండా ఎవరైనా ఎందుకొస్తారు?

1 అక్టోబరు

మామయ్య సంవత్సరీకం. పదకొండింటికల్లా వస్తానని పొద్దున్నే అద్దంకి పోయాను. ఎనిమిదో డబ్బాకు చోటు చూసుకోవాలి. చోటు కుదిరింది, డబ్బా కూడా పెట్టేశాను. నేను వెళ్ళేసరికి విస్తళ్ళు ఎత్తేస్తున్నారు. అత్తయ్య నా ఆకు తీసి పక్కన పెట్టి ఉంచింది. అందరి ముందూ ఒక్కణ్ణే కూర్చుని తిన్నాను. సుజాత వడ్డించింది, మొహం చూడలేదు.

2 అక్టోబరు

మిషన్‌లో సెల్స్ లేవు. సుజాత దాచేసింది. ఎక్కడ దాచిందో వెతికాను— బియ్యం డబ్బా, పోపుల పెట్టె, మంచం కింద. దొరికాయి. మా ఇంట్లో ఆమె దాచింది వెతుకుతున్నప్పుడు కూడా గుండె అట్లాగే కొట్టుకుంది. సిగ్గుపడాల్సిన విషయం. పడ్డాను. సెల్స్ వేసుకుని బయల్దేరాను.

14 అక్టోబరు

కోటేశ్వరరావు గారి మిరపకు ఎండు తెగులు. పచ్చగా ఉన్న చెట్టు రెండు రోజుల్లో వాలిపోతోంది. ఇంట్లో రెండోపిల్లకు జ్వరం, పన్నెండు రోజులైనా దిగలేదట, పొట్టలో నొప్పి కూడా. ఒంగోలులో చూపించారు. “ఏంటోనండీ సూపర్‌వైజరు గారూ, అన్నీ ఒక్కసారే కట్టగట్టుకుని వచ్చినయి” అన్నాడు. గోరుచుట్టు మీద రోకలిపోటు. ఏం చెప్పను? చూద్దాం అన్నాను. నా నోటికి ఇంకో మాట రాదు.

29 అక్టోబరు, ఆదివారం

రాయబుద్ధి కావట్లేదు. అయినా రాయాలి.

పొద్దున ప్లాటు చూడ్డానికి పాలెం పోయాను. కోటేశ్వరరావు గారు గట్టు మీదే ఎదురొచ్చాడు. “మీరొచ్చి పదిహేను రోజులైంది, మీకు తెలవదు. మాకు చేతబడి చేశారండీ” అన్నాడు.

నవ్వబోయాను. ఆగిపోయాను.

ఆయన తమ్ముడు సుబ్బారావు మోటబావి పక్కన పందికొక్కు బొరియ తవ్వుతుంటే గోడ రాయి ఊడిపడింది. వెనక డబ్బా. “నల్లదారం ఏడు చుట్లు చుట్టి ఉందండీ. ఇప్పితే లోపల ఆడపిల్ల బొమ్మ, పొట్టలో పిన్నీసు గుచ్చి ఉంది. మా పిల్లకి పొట్టలో నొప్పి అని మీకు చెప్పలేదూ! యంత్రం గీసిన పుస్తకం ఉంది. నా పేరు... నా పేరు రాసి, కింద గళ్ళేసి, గళ్ళలో అంకెలు.”

పేరు చెప్పేటప్పుడు ఆయన వెనక్కి తిరిగి బావి వైపు చూశాడు. తన పేరు అట్లా ఒక చీకటి బొక్కలో రాసి పెట్టి ఉందని తలుచుకుంటే ఎవరికైనా అంతే. అది నా చేతిరాత. ఆయన నా ఫారాల మీద ఎన్నిసార్లు సంతకం పెట్టాడో. పోల్చుకోలేదు. పోల్చుకుంటాడేమోనని నా చెయ్యి జేబులో పెట్టుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

“ఎవరో తెలిసిందా?” అన్నాను.

“తెలవకపోవడమేంటి? గళ్ళేసి అంకెలు రాసేవాడు ఊళ్ళో ఒక్కడేగా. సైదులు.”

చావిట్లో కూర్చోబెట్టి అడిగారట. కాదన్నాడట. సుబ్బారావు, ఇంకో ముగ్గురు పట్టుకున్నారు. ఇటువైపు ఆ పద్ధతి ఉంది— మంత్రం సరిగ్గా పలకకుండా ఉండాలంటే ముందుపళ్ళు ఉండకూడదు. పట్టకారుతో రెండు పళ్ళు పీకారు. కోటేశ్వరరావు గారు పక్కన నిలబడి చూశాడు. “నేను చెయ్యి వెయ్యలేదండీ” అని నాకు రెండుసార్లు చెప్పాడు. నేను అడగకుండానే.

డబ్బాను మూడుదార్ల దగ్గర కర్పూరం వేసి కాల్చారు. ఆ నల్లటి మచ్చ చూపించాడు. కరిగిన బొమ్మ ప్లాస్టిక్కు నేలకు అతుక్కుని ఉంది.

నేను ఆ మచ్చ చూసి మొదట బాధపడ్డది డబ్బా పోయిందని. ఒక్క క్షణమే. కానీ మొదట వచ్చింది అదే. ఈ డైరీ ఇంకెవరూ చూడరు కనక రాస్తున్నాను.

పత్తి ప్లాటులో పువ్వులు లెక్కపెట్టి, ఫారం నింపి, ఆయన సంతకం తీసుకుని వచ్చేశాను.

30 అక్టోబరు

సైటులోంచి ఆ డబ్బా పేజీ తీసేశాను. కారణం అని ఒక గడి ఉంది. ‘వస్తువు కనబడుట లేదు’ అని నింపాను.

2 నవంబరు

పరుపు మీద పడుకోలేకపోతున్నాను. చాప వేసుకున్నాను. నడుం నొప్పి అన్నాను. సుజాత నమ్మినట్టే ఊరుకుని, పొద్దున కాఫీ ఇస్తూ— “ఇప్పుడు చెప్పండి.”

చెప్పాను. అంతా. దారం ఏడు చుట్లు అన్నప్పుడు లేచి వెళ్ళి కుట్టుపెట్టె తెరిచి చూసుకుంది. ఖాళీ కండె తెచ్చి నా ముందు పెట్టింది.

“ఆ ముసలాయన మన డాబా మీద రెండు రోజులు అన్నం తిన్నాడండీ. వంకాయ కూర బాగుందని రెండోసారి అడిగాడు.”

“ఊరికి చెప్తే నన్నూ అదే చేస్తారు సుజాతా.”

“ముందు ఆయనకు చెప్పండి. ఊరి సంగతి తర్వాత.”

5 నవంబరు, ఆదివారం

వెళ్ళాను. సైదులు తాత ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. విల్లు గోడకు వేలాడుతోంది. నోటికి తుండు అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. ‘స’ అన్నచోటల్లా గాలి పోతోంది.

“రా బాబూ. పరుపు పనేమన్నా ఉందా? ఈ ఊళ్ళో ఎవరూ పిలవట్లా.”

పోలీస్ స్టేషన్‌కు పోలేదా తాతా అన్నాను. పోతే ఊళ్ళో ఉండేదెట్లా అన్నాడు. కోపం లేదు గొంతులో. అలిసిపోయాడంతే.

“వాళ్ళకి చెప్పా బాబూ. నేను వేసే అంకెల్లో చుక్కలుండవయ్యా, దీంట్లో మధ్యన చుక్కలున్నాయి చూడండి, ఇది నా చెయ్యి కాదు అని. ఎవరింటారు?” తుండు సర్దుకుని, “ఒకటే నాకు అంతుపట్టట్లా. నేను దాన్ని దగ్గరగా చూశా. అందులో మంత్రం లేదు, మన్ను లేదు, వెంట్రుక లేదు. ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని ఎవరో అంత భద్రంగా రాయి తీసి దాచారు. ఎందుకు దాచుంటారు బాబూ?”

ఇదిగో ఇప్పుడు— అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

“పరుపు బాగుంది తాతా” అన్నాను. “గడ్డ కట్టలేదు.”

“మంచి దూది అది” అన్నాడు.

7 నవంబరు

పిరికివాణ్ణి. ఇంకో మాట లేదు.

12 నవంబరు, ఆదివారం

ఇవాళ చెప్పాను. తాతకు కాదు, కోటేశ్వరరావు గారికి. ఆయన దగ్గరికే ముందు పోవడానికి కారణం కూడా రాస్తాను: తాత మొహం ఎదురుగా కన్నా అది తేలిక.

రుజువు కోసం అద్దంకి దగ్గర పెట్టిన డబ్బా తవ్వి తీసుకుపోయాను. అదే రకం పుస్తకం, అవే గళ్ళు, నా రాత. మిషన్ కూడా చూపించాను. ఇది ఆటండీ, కోటేశ్వరరావు గారూ, అంకెలు చోటును చూపిస్తాయి, తప్పు నాది, ఆయనకేం తెలియదు...

ఆయన పుస్తకం పట్టుకోలేదు. దూరం నుంచే చూశాడు. మిషన్ తెర మీద అంకెలు కదులుతుంటే రెండడుగులు వెనక్కేశాడు.

“దీంట్లోనూ అంకెలేగా.”

“అవునండీ, ఇవి—”

“సైదులు పంపాడా నిన్ను?”

ఇన్నేళ్ళలో మొదటిసారి ‘నువ్వు’ అన్నాడు. లోపల్నుంచి పిల్ల వాకిట్లోకి వచ్చింది. చిక్కింది గానీ నడుస్తోంది. ఆయన పిల్లను చూపించాడు. “పళ్ళు పీకిన మూడోరోజుకి జ్వరం దిగింది. తోట కూడా నిలదొక్కుకుంది. ఇప్పుడొచ్చి నువ్వు ఆట అంటావు. ఆటైతే మా పిల్ల ఎట్లా లేచింది?”

మందులు పనిచేసి ఉంటాయి అన్నాను. తెగులు ఒక దశలో ఆగిపోతుంది అన్నాను. నేను చెప్పే మాటలు నాకే కంపెనీ కరపత్రంలా వినిపించాయి.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా తీసుకొచ్చాడు. గొంతు తగ్గించాడు. “నీ మేలు కోరి చెప్తున్నా, ఈ మాట ఇంకెక్కడా అనబాక. సుబ్బారావు వింటే ఏం చేస్తాడో నాకు తెలవదు. అయినా సైదులు ఊళ్ళో లేడుగా. బుధవారం మూట కట్టుకుని పోయాడు.”

“ఎక్కడికి?”

“ఎవరికి తెలుసు.”

పిల్ల లేచినందుకు సంతోషపడాలి. పడుతున్నాను కూడా. కానీ ఆ పిల్ల ఆరోగ్యమే నా నోటికి అడ్డం పడుతుందని అనుకోలేదు.

13 నవంబరు

దాచిన డబ్బాలన్నీ తీసేశాను. ఓడరేవుది తూనీగది, అది నాది కాదు. అద్దంకిదానితో కలిపి ఏడింటినీ పొయ్యిలో పెట్టబోతే సుజాత ఆపింది. “ఇంకో కర్పూరం వద్దు.” అటక మీద పెట్టింది.

26 నవంబరు

అద్దంకి. పరుపుల కొట్లు మూడు. మూడింట్లోనూ మిషన్లే, చేతి విల్లు పట్టేవాళ్ళు లేరు. ముందుపళ్ళు రెండు లేని ముసలాయన అని అడగాలంటే నోరు రాలేదు. పాలెం సైదులు అని అడిగాను. తెలియదన్నారు.

మిషన్ నన్ను ఎక్కడికైనా తీసుకుపోతుంది, అంకెలుంటే. తాతకు అంకెలు లేవు.

3 డిసెంబరు

మంగళగిరిలో చెల్లెలు ఉందని ఎవరో చెప్పారు. పోయాను. చెల్లెలు చచ్చిపోయి ఆరేళ్ళయింది. ఆమె కొడుకు, “చీరాలలో మాకు దూరపు చుట్టాలున్నారు, అటేమన్నా పోయాడేమో” అన్నాడు. ఏ వీధో తెలియదు.

తిరిగి వస్తుంటే దారి పొడవునా మనసు తేలిగ్గా ఉంది. ఒక ఆనవాలు దొరికింది, ఇంకోటి దొరుకుతుంది... పేట దగ్గరికి వచ్చాక గానీ గమనించలేదు. ఈలవేస్తున్నాను.

బండి ఆపి పక్కన కూర్చున్నాను. ఇది పశ్చాత్తాపమా, అదే ఆటా? ఒక ముసలాయన నోట్లో రక్తం కారితే దాని మీద కూడా నేను ఆడుకుంటున్నానా?

10 డిసెంబరు

చీరాల. రెండు వీధులు. లేడు.

17 డిసెంబరు, ఆదివారం

చీరాల. రైల్వే స్టేషన్ వెనక సందు. మొదట వినిపించింది మరమగ్గాల చప్పుడు. దాని కింద, సన్నగా— విల్లు మోత. తీగ మీద కొయ్య పడితే వచ్చే ఆ మూలుగు, మా డాబా మీద రెండు రోజులు విన్నది. ఇంకెవరి చెయ్యీ అట్లా పలకదు.

సగం తెరిచిన తలుపు. లోపల గాల్లో దూది. అటు తిరిగి కూర్చున్న వీపు. తుండు మొహానికి కట్టుకుని ఉన్నాడు— దూదికో, పళ్ళకో.

గుండె ఎగిరింది. అచ్చం రాయి కదిలించినప్పటిలాగే. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. మార్క్ నొక్కాను. తెర మీద ఆ చోటు నంబరు పడింది: 047.

నొక్కాక చూసుకున్నాను నేనేం చేశానో. పరుపు కుట్టిన మనిషి పది అడుగుల దూరంలో ఉంటే, నేను ఆయన్ని అంకె చేసి జేబులో వేసుకున్నాను. ‘తాతా’ అని పిలవడానికి ఒక్క ఊపిరి చాలు.

బండి తిప్పుకుని వచ్చేశాను.

18 డిసెంబరు

“దొరికాడా?”

“దొరికాడు.”

“ఏమన్నాడు?”

నేను చెప్పులు వెతుక్కున్నాను. సుజాతకు అర్థమైంది. నా మొహం వంక ఎట్లా చూసిందంటే— ఆ మెట్టు మీద మూడు గంటలు కూర్చున్న రోజు కూడా అట్లా చూడలేదు.

ఈ ఆటలో దొరికితే అయిపోయినట్టే. పేరు రాసి, ఉన్నచోటే పెట్టేసి వచ్చేయడమే. నాకు అదొక్కటే అలవాటైంది.

19 డిసెంబరు

రేపు పోవాలి.

20 డిసెంబరు

పర్చూరు దాకా పోయాను. ప్లాటు పని ఉందని గుర్తొచ్చింది. ప్లాటు పని లేదు.

22 డిసెంబరు

ఇంటికొచ్చేసరికి హాల్లో దూది కొండలా పడి ఉంది. సుజాత మధ్యలో కూర్చుని పరుపు కుట్లు బ్లేడుతో కోస్తోంది. జుట్టు నిండా పోగులు.

“ఏంటిది?”

“గడ్డ కట్టింది. ఏకించాలి.”

“ఎక్కడ గడ్డ కట్టింది? బాగానే ఉందిగా.”

“ఆదివారం చీరాల పోదాం. మూట బండికి కడితే సరిపోతుంది. దూది ఆయన చేతికిచ్చి కూర్చుంటాం, ఏకడానికి పూట పడుతుంది. ఆ పూటలో మీరు చెప్తారో, నేను చెప్పాలో అక్కడ చూద్దాం.”

‘చూద్దాం’ అనే మాట ఆమె నోట ఇంత గట్టిగా వినడం ఇదే మొదలు.

24 డిసెంబరు, ఆదివారం

దూది మూట బండి వెనక కట్టాను. సుజాత కూర్చోవడానికి జానెడు చోటే మిగిలింది. క్యారేజీలో వంకాయ కూర పెట్టింది. తాళం వేస్తోంది.

ఈ నాలుగు ముక్కలూ అరుగు మీద నిలబడి రాస్తున్నాను. దారి తెలుసు. పర్చూరు, చీరాల, స్టేషన్ వెనక సందు, ఎడమ పక్క ఐదో తలుపు. కళ్ళు మూసుకునైనా పోగలను. మిషన్ అక్కర్లేదని రాత్రే బీరువాలో పెట్టేశాను.

“రండి” అంటోంది.

జేబు తడుముకున్నాను. మిషన్ ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు.